ఒంటిస్తంభం మేడలు: మన క్రీడా లీగులు ఎందుకు కుదురుకోవడం లేదు?

క్లుప్తంగా

2024 నవంబరులో ప్రసార సంస్థలు స్టార్, వయాకామ్18 విలీనమయ్యాయి. 2025 ఆగస్టులో డబ్బు పందెం ఆటలను నిషేధించే ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఫుట్‌బాల్ సమాఖ్య పదిహేనేళ్ల ఒప్పందం ముగిసింది. ఇవి వేర్వేరు వార్తలుగా వచ్చినా కలిపి చదవాల్సినవి. క్రికెటేతర లీగులు చూసేవాళ్లు లేక మూతపడుతున్నాయన్నది సగం నిజమే. ప్రసారకర్త, స్పాన్సర్, సమాఖ్య ఒప్పందం... వీటిలో ఏదో ఒక్కదాని మీద మొత్తం బరువు మోపడమే అసలు బలహీనత. ఐపీఎల్‌కు ఆధారాలు ఎక్కువే. కానీ 2028 సీజన్ నుంచి వర్తించే హక్కుల వేలం నాటికి దానికీ పోటీపడి కొనే సంస్థలు తగ్గాయి.

గెలిచిన జట్టు ఊరు వదిలింది

2022 మార్చి 20 రాత్రి గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీ షూటౌట్‌లో మూడు కిక్కులు ఆపాడు. కేరళ బ్లాస్టర్స్‌పై నెగ్గి హైదరాబాద్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేత అయింది. అప్పటికి ఆ క్లబ్బు పుట్టి మూడేళ్లు కూడా నిండలేదు. రెండేళ్లు తిరిగేసరికి, 2023-24 సీజన్‌లో అదే క్లబ్బు 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచి అట్టడుగున మిగిలింది. జీతాల బకాయిలు పేరుకుపోయాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది, ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తర్వాత యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

దానికి కాస్త ముందు, 2025 సెప్టెంబరులో ఆసియా కప్‌లో టీమిండియా జెర్సీ మీద స్పాన్సర్ పేరు లేకుండా ఆడింది. రూ.358 కోట్లకు మూడేళ్ల ఒప్పందం చేసుకున్న ఫాంటసీ ఆటల సంస్థ డ్రీమ్11, ఆన్‌లైన్ గేమింగ్ చట్టం రావడంతో గడువు ముగియకముందే తప్పుకొంది. ఇక బ్యాడ్మింటన్ సంగతి. పీవీ సింధు, సైనా నెహ్వాల్, కిదాంబి శ్రీకాంత్ రాటుదేలిన గచ్చిబౌలి ఉన్న ఊళ్లోనే 2020 ఫిబ్రవరిలో ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ ఫైనల్ జరిగింది. ఆ లీగ్ మళ్లీ జరగనే లేదు.

ఈ మూడింటికీ అభిమానులు సాధారణంగా చెప్పుకొనే కారణం ఒకటే: మన దేశంలో క్రికెట్ తప్ప ఇంకేదీ చూడరు. ఇది పూర్తిగా నిలిచే వాదన కాదు. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ తొలి సీజన్‌ను 43.5 కోట్ల మంది చూశారని అప్పట్లో లెక్క తేలింది. ఆ ఏడాది ఐపీఎల్‌కు వచ్చింది 55 కోట్ల చిల్లర. కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడితే సాల్ట్ లేక్ స్టేడియం నిండుతుంది. చూసేవాళ్లు ఉన్నారు. వాళ్లు చూసిన సమయం డబ్బుగా మారే దారి, ఆ డబ్బు జట్టుకు చేరే దారి... చిక్కంతా ఈ రెండింటి దగ్గరే.

ఓవరుకూ ఓవరుకూ మధ్య

టీవీ క్రీడలకు ఆదాయం ఆట ఆగినప్పుడు వస్తుంది. ఒక టీ20 మ్యాచ్‌లో ఇన్నింగ్స్‌కు 20 ఓవర్లు. అంటే ఇన్నింగ్స్‌కు 19 చొప్పున రెండింట్లో కలిపి 38 సార్లు ఓవర్ మారే విరామం వస్తుంది. ఇన్నింగ్స్‌కు రెండు స్ట్రాటజిక్ టైమ్‌అవుట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. ఇవి కాక వికెట్ పడిన ప్రతిసారీ కొత్త బ్యాటర్ నడిచొచ్చే సమయం, సమీక్షలు, ఇన్నింగ్స్ మధ్య విరామం. ప్రేక్షకుడు లేచి వెళ్లలేనంత చిన్నవి ఈ విరామాలు, పది సెకన్ల ప్రకటన పట్టేంత పెద్దవి. వాణిజ్య ప్రకటనలకు క్రికెట్‌కు మించి అమరిన ఆట మరొకటి లేదు.

ఫుట్‌బాల్‌లో 45 నిమిషాలు ఏకబిగిన ఆట సాగుతుంది. మధ్యలో ప్రకటన వేస్తే గోల్ తప్పిపోతుంది. అందుకే ఆ ఆటకు ఐరోపాలో ఆదాయం ప్రధానంగా చందాదారుల నుంచి వస్తుంది. ఇంగ్లండ్‌లో అభిమాని నెలనెలా వేల రూపాయలకు సమానమైన మొత్తం కట్టి మ్యాచ్ చూస్తాడు. మన దగ్గర కేబుల్ బిల్లు తక్కువ, మొబైల్‌లో మ్యాచ్ ఉచితంగా రావాలన్న అలవాటు బలంగా పాతుకుపోయింది. 2023 ఐపీఎల్‌ను జియోసినిమా ఉచితంగా చూపించాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. ప్రకటనలకు చోటు ఇవ్వని ఆట, చందా కట్టని మార్కెట్ రెండూ ఒక్కచోట కలిస్తే ఏమవుతుందో భారత ఫుట్‌బాల్ క్లబ్బుల ఖాతా పుస్తకాలు చూపిస్తున్నాయి.

కబడ్డీని నడిపినవాళ్లు ఈ చిక్కును ముందే గుర్తించారు. మట్టి నుంచి మ్యాట్ మీదకు తెచ్చారు. రైడ్‌కు 30 సెకన్ల గడువు, వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత పాయింటు తేవాలి లేదా ఔటవ్వాలి అనే డూ-ఆర్-డై రైడ్, కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువమందో ఉన్నప్పుడు పట్టేస్తే సూపర్ ట్యాకిల్‌కు అదనపు పాయింటు. ప్రతి అరనిమిషానికీ ఒక ఫలితం వచ్చేలా ఆటను మలిచారు. కూత పెట్టి గీత దాటి వెళ్లిన మనిషి చిటికెలో తేల్చుకుని రావాల్సిందే. పల్లెల్లో సంక్రాంతికి, జాతరలకు ఆడే ఆట మీద కొద్దిపాటి నియమాలతో ఇంత మార్పు తేవడం భారత క్రీడా నిర్వహణలో నిజంగా మెచ్చదగిన పని.

హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయి?

ప్రకటనల ఆదాయం ఎంత వచ్చినా, అది జట్టుకు చేరే దారి ఒప్పందంలో రాసి ఉంటుంది. ఐపీఎల్ యజమాని బీసీసీఐ. ప్రసార హక్కులు తనే వేలం వేస్తుంది, వచ్చినదాంట్లో సుమారు సగం జట్లకు పంచుతుంది. 2018-22 హక్కులు రూ.16,347.5 కోట్లకు పోతే, 2023-27 హక్కులు రూ.48,390 కోట్లకు పోయాయి. ఏటా సగటున రూ.9,678 కోట్లు. అందులో సగాన్ని పది జట్లకు పంచితే ఒక్కో జట్టుకు ఉజ్జాయింపుగా రూ.480 కోట్లు. 2025 సీజన్‌కు ఆటగాళ్ల కొనుగోలుకు జట్టుకు అనుమతించిన మొత్తం రూ.120 కోట్లు. టికెట్టు ఒక్కటీ అమ్మకముందే, జెర్సీ మీద ఒక్క పేరూ వేయకముందే జట్టు లాభంలో ఉంటుంది. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ ఆడే ఏడు మ్యాచ్‌ల గేటు ఆదాయం దానికి అదనమే తప్ప ప్రాణాధారం కాదు.

ఫుట్‌బాల్‌లో దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) 2010 డిసెంబరులో తన వాణిజ్య హక్కులన్నింటినీ పదిహేనేళ్లకు రూ.700 కోట్లకు ఐఎంజీ-రిలయన్స్‌కు అప్పగించింది. ఆ హక్కులతో 2014లో ఐఎస్ఎల్ మొదలైంది. ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్ (ఎఫ్ఎస్‌డీఎల్) అనే సంస్థ దాన్ని నడిపింది. ఈ పద్ధతిలో సమాఖ్యకు ఏటా నికరంగా కొంత ముట్టింది. లీగ్ మాత్రం సమాఖ్యది కాలేదు, క్లబ్బులదీ కాలేదు. క్లబ్బులు ఫ్రాంచైజీ రుసుము కట్టాయి, జీతాలు భరించాయి, మైదానాలు అద్దెకు తీసుకున్నాయి. ప్రసారాల నుంచి తిరిగొచ్చింది ఖర్చులో చిన్న ముక్క. ఏటా నష్టం వస్తున్నా యజమాని జేబులోంచి తీసి పెట్టడమే మార్గం. యజమాని ఓపిక అయిపోయిన రోజున క్లబ్బు పని అయిపోయినట్టే. హైదరాబాద్‌లో జరిగింది అచ్చంగా ఇదే.

2025లో ఆ ఒప్పందం గడువు ముంచుకొచ్చింది. ఏఐఎఫ్ఎఫ్ నియమావళి కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండడంతో కొత్త ఒప్పందం కుదుర్చుకునే వీల్లేకపోయింది. ఒప్పందం లేకుండా సీజన్ నడపలేమంటూ జులైలో ఎఫ్ఎస్‌డీఎల్ లీగ్‌ను పక్కన పెట్టింది. సెప్టెంబరు 19న తీర్పు వచ్చాక సమాఖ్య టెండరు పిలిచింది. మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు ఆ ప్రక్రియను పర్యవేక్షించారు. ఏటా కనీసం రూ.37.5 కోట్లు కట్టాలన్నది షరతు. నవంబరు 7 గడువు నాటికి ఒక్క బిడ్డూ రాలేదు. పాత ఒప్పందం కింద సమాఖ్యకు ఏటా రూ.50 కోట్లు ముట్టేది. దానికంటే తక్కువకు పెట్టినా ముందుకొచ్చినవాళ్లు లేరు.

ఎందుకు రాలేదన్నది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. లీగ్ నడిపే ఖర్చు, సమాఖ్యకు హామీ సొమ్ము, నష్టాల్లో ఉన్న క్లబ్బులకు వాటా... ఇవన్నీ భరించి, నిర్ణయాధికారం మాత్రం నియమావళి ప్రకారం సమాఖ్య దగ్గరే ఉంటే పెట్టుబడి పెట్టేవాడికి మిగిలేది చాలా తక్కువ. చివరకు కేంద్ర క్రీడా శాఖ జోక్యం చేసుకున్నాక 2026 ఫిబ్రవరి 14న 14 క్లబ్బులతో కుదించిన సీజన్ మొదలైంది. ఒక్కో క్లబ్బుకు 13 మ్యాచ్‌లు, మొత్తం 91. మాంచెస్టర్ సిటీ యజమానులైన సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ అప్పటికే ముంబై సిటీ నుంచి తప్పుకొంది. ప్రపంచంలో అరడజనుకు పైగా దేశాల్లో క్లబ్బులు నడుపుతున్న సంస్థ ఇక్కడి లెక్క తేల్చుకోలేక వెళ్లిపోవడం చిన్న సూచన కాదు.

హైదరాబాద్ విషయంలో బాధ ఇంకొంచెం లోతైనది. ఎస్.ఎ.రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఫుట్‌బాల్ తెలియని ఊరు కాదిది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, డిసెంబరులో సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగాయి. పోటీలకు ఆతిథ్యమివ్వడానికి ప్రభుత్వం దగ్గర డబ్బుంది, మైదానముంది. ఏడాది పొడవునా నడిచే క్లబ్బును నిలబెట్టే ఏర్పాటు మాత్రం లేదు.

సమాఖ్య చేతిలో ఉంటే చాలా?

హక్కులు సమాఖ్య దగ్గరుంటే సమస్య తీరిపోతుందని కూడా చెప్పలేం. హాకీయే అందుకు ఉదాహరణ. 2005లో గచ్చిబౌలిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది, హైదరాబాద్ సుల్తాన్స్ తొలి విజేత. అది మూతపడింది. 2013లో హాకీ ఇండియా సొంతంగా హాకీ ఇండియా లీగ్ పెట్టింది. ఐదు సీజన్ల తర్వాత 2017లో అదీ ఆగింది. మళ్లీ 2024 డిసెంబరు 28న రూర్కెలాలో మొదలైంది. ఆ సీజన్‌లో హైదరాబాద్ తూఫాన్స్ రన్నరప్. హాకీని ఇన్నాళ్లూ నిలబెడుతున్నది ప్రధానంగా ఒడిశా ప్రభుత్వం. 2018 నుంచి జాతీయ జట్లకు స్పాన్సర్ అదే. ఆ ప్రభుత్వ ప్రాధాన్యం మారితే ఆ ఆటకు ప్రత్యామ్నాయం ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంది. ప్రైవేటు కంపెనీ అయినా, ప్రభుత్వమైనా ఆధారం ఒక్కటే అయితే ఒంటిస్తంభం మేడే.

బ్యాడ్మింటన్‌లో ఇబ్బంది క్యాలెండర్‌ది. ఆ ఆటలో ఆటగాడి బతుకంతా ప్రపంచ ర్యాంకింగ్ మీద ఆధారపడి ఉంటుంది. అగ్రశ్రేణి ఆటగాళ్లు ప్రపంచ సమాఖ్య నిర్దేశించిన పెద్ద టోర్నీలు ఆడి తీరాలి, సరైన కారణం లేకుండా మానేస్తే జరిమానా. లీగ్‌లో ఎంత బాగా ఆడినా ర్యాంకింగ్ పాయింటు ఒక్కటీ రాదు. టోక్యో ఒలింపిక్స్ అర్హత రేసు నడుస్తుండగా వచ్చిన 2020 సీజన్‌కు సైనా, శ్రీకాంత్ ఇద్దరూ దూరమయ్యారు. హైదరాబాద్ హంటర్స్ రూ.77 లక్షలు పెట్టి సింధును తీసుకుంది గానీ, ఒక్క తారతో లీగ్ నడవదు. తర్వాత కొవిడ్ వచ్చింది, లీగ్ మూలనపడింది. ఐపీఎల్ కోసం అంతర్జాతీయ క్రికెట్ రెండు నెలలకు పైగా దాదాపు ఆగిపోతుంది. అది బీసీసీఐ పలుకుబడి. బ్యాడ్మింటన్‌లో ఆ పని చేయించగల స్థాయి భారత సమాఖ్యకు లేదు.

వాలీబాల్ మరో దారి. 2019లో ప్రొ వాలీబాల్ లీగ్ ఒక్క సీజన్ జరిగాక నిర్వాహక సంస్థకూ సమాఖ్యకూ చెడింది. నిర్వాహకులు సమాఖ్యతో సంబంధం లేకుండా 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ పెట్టారు. తొలి మ్యాచ్‌లు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే. హైదరాబాద్ బ్లాక్ హాక్స్ మన జట్టు. ఖర్చు తగ్గించేందుకు 2025 సీజన్‌ను కూడా ఒక్క హైదరాబాద్‌లోనే ముగించారు. అన్ని జట్లూ ఒకే ఊళ్లో ఉంటే ప్రయాణం లేదు, కెమెరాలు కదిలించే పని లేదు. మరోవైపు కాలికట్ జట్టుకు కాలికట్‌లో మ్యాచ్ ఉండదు. ఆ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే ఒకసారి కబడ్డీ మ్యాట్ పరుస్తారు, ఒకసారి వాలీబాల్ నెట్ కడతారు, ఇంతకుముందు బ్యాడ్మింటన్ కోర్టు వేశారు. సదుపాయం ఒకటే, పక్కన కూర్చునే జనమూ చాలావరకు వాళ్లే. ఏ లీగ్ ఎన్నాళ్లుంటుందో చెప్పగలిగినవాళ్లు మాత్రం ఆ స్టేడియంలో ఎవరూ ఉండరు.

జెర్సీ మీద పేర్లు చెప్పే చరిత్ర

టీమిండియా జెర్సీ మీద సహారా, స్టార్, ఒప్పో, బైజూస్, డ్రీమ్11 పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్లు డీఎల్ఎఫ్, పెప్సీ, వివో, డ్రీమ్11, టాటా. ఈ రెండు వరసల్లో దేశ ఆర్థిక వ్యవస్థలో ఏ కాలంలో ఏ రంగం చేతిలో విరివిగా డబ్బు ఆడిందో కనిపిస్తుంది. స్థిరాస్తి, చైనా ఫోన్లు, ఆన్‌లైన్ చదువులు, ఫాంటసీ ఆటలు. వీటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది: తక్కువ కాలంలో దేశమంతా పేరు తెలియాలన్న ఆత్రం. అలాంటి కంపెనీ మార్కెట్ ధర కంటే ఎక్కువ ఇస్తుంది. అలాంటి కంపెనీయే ముందుగా ఇబ్బందుల్లోనూ పడుతుంది. అభిమానులు దీన్ని జెర్సీకి పట్టిన శాపమని అంటుంటారు. అందులో శాపమేమీ లేదు. ఎక్కువ ధర పాడినవాడికే హక్కు ఇచ్చే పద్ధతిలో, ఎక్కువ సాహసం చేసే కంపెనీయే గెలుస్తుంది.

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పందెంగా పెట్టే ఆటలను దేశమంతటా నిషేధించింది. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు వేసినా రెండేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా. తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఇలాంటి ఆటలను నిషేధించాయి. మ్యాచ్ మధ్యలో ప్రకటన చివర ఊపిరి తీసుకోకుండా చదివే హెచ్చరికలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పేర్లు వినపడుతూనే ఉండేవి. ఇక్కడి ప్రేక్షకుడు ఏళ్ల తరబడి తాను ఆడడానికి వీల్లేని ఆట ప్రకటనలు చూస్తూ వచ్చాడు.

యువత అప్పులపాలు కావడం, ఆత్మహత్యల దాకా వెళ్లడం వంటి కారణాలతో తెచ్చిన చట్టమిది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి లేదు. దాని ప్రభావం మాత్రం అందరి మీదా ఒకేలా పడలేదు. డ్రీమ్11 వెళ్లిన కొన్ని వారాలకే అపోలో టైర్స్ రూ.579 కోట్లతో టీమిండియా జెర్సీకి వచ్చింది. అంటే క్రికెట్‌కు దెబ్బ తగిలినా కొద్ది రోజుల్లో కోలుకుంది. చిన్న లీగులకు ఆ వెసులుబాటు లేదు. హైదరాబాద్‌కు చెందిన ఆన్‌లైన్ గేమింగ్ సంస్థ ఏ23 ప్రైమ్ వాలీబాల్‌కు మొదట్లో ముఖ్య స్పాన్సర్లలో ఒకటి. అదే సంస్థ చట్టాన్ని సవాలు చేస్తూ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది, తర్వాత ఇలాంటి పిటిషన్లన్నీ సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. వాలీబాల్ లీగ్ 2025లో ఆర్ఆర్ కేబుల్ పేరుతో నడిచింది. వైర్లు, టైర్లు, సిమెంటు అమ్మే కంపెనీలు తక్కువ ఇస్తాయి, కానీ చెప్పిన ఏళ్లు ఉంటాయి. లీగుల ఆయుష్షు దృష్ట్యా ఈ మార్పు మంచిదే.

కొనేవాడు ఒక్కడైతే

ఐపీఎల్ హక్కుల ధర 2022లో మూడు రెట్లకు ఎగబాకడానికి ముఖ్య కారణం పోటీ. టీవీ హక్కులకు డిస్నీ స్టార్, డిజిటల్ హక్కులకు వయాకామ్18 పోటాపోటీగా పాడాయి. 2024 నవంబరులో ఆ రెండూ ఒక్కటై జియోస్టార్ అయ్యాయి. ఒకే మ్యాచ్‌ను టీవీకి ఒకరు, మొబైల్‌కు ఒకరు విడివిడిగా వేల కోట్లు పెట్టి కొన్నారు. ఇప్పుడు రెండు బిల్లులూ ఒకే ఇంటికి వస్తున్నాయి.

ఈ విలీనం ఇతర ఆటలకు మరీ ముఖ్యం. ప్రొ కబడ్డీని నడిపే మషాల్ స్పోర్ట్స్‌లో 74 శాతం వాటాను స్టార్ 2015లోనే కొంది. ఆ వాటా ఇప్పుడు జియోస్టార్‌ది. ఐఎస్ఎల్‌ను నడిపిన ఎఫ్ఎస్‌డీఎల్ రిలయన్స్ గూటిది. మహిళల ప్రీమియర్ లీగ్ తొలి ఐదేళ్ల ప్రసార హక్కులు రూ.951 కోట్లకు వయాకామ్18కే దక్కాయి. అంటే క్రికెట్, కబడ్డీ, ఫుట్‌బాల్ మూడింటి భవితవ్యమూ గణనీయంగా ఒకే వాణిజ్య సమూహం లెక్కల మీద ఆధారపడింది. అందులో తప్పు వెతకాల్సిన పని లేదు. పదేళ్లకు పైగా ఈ దేశంలో క్రికెటేతర క్రీడలకు ఆ సంస్థలు పెట్టినంత డబ్బు మరెవరూ పెట్టలేదు. కానీ ఒకే సంస్థ మూడు ఆటలకూ ఏడాది బడ్జెట్ కేటాయిస్తుంటే, వేల కోట్ల ఐపీఎల్ బిల్లు కట్టాక మిగిలినదాంట్లోంచే మిగతావి సర్దుకోవాలి.

కబడ్డీలో దీని నీడ అప్పుడే కనిపిస్తోంది. 2021లో ఐదేళ్లకు రూ.908 కోట్లకు హక్కులు కొన్నది లీగ్‌లో మెజారిటీ వాటాదారైన స్టారే. అమ్మేవాడూ కొనేవాడూ దాదాపు ఒకరే అయినప్పుడు అసలు మార్కెట్ ధర ఎంతో బయటివాళ్లకు తెలిసే అవకాశం తక్కువ. 2024లో 137 మ్యాచ్‌లు జరిగిన లీగ్ 2025 సీజన్‌కు కుదించుకుంది. ఆ సీజన్ విశాఖపట్నంలో ఆగస్టు 29న మొదలైంది. తెలుగు టైటాన్స్ ప్లేఆఫ్స్ దాకా వెళ్లి, ఏళ్ల నిరీక్షణ తర్వాత అభిమానులకు ఆనందాన్నిచ్చింది. అయినా సొంత జనం ముందు ఆ జట్టు ఆడింది సీజన్ మొదట్లో రెండు వారాల లోపు. మిగతాదంతా జైపూర్, చెన్నై, ఢిల్లీల్లో. టీవీ కోసం కట్టిన లీగ్‌కు ఇది సహజమే. ఒక ఊరి జనంతో జట్టుకు ఏర్పడాల్సిన అనుబంధానికి మాత్రం ఇది చాలదు.

గ్రీన్ బేలో ఎలా సాధ్యమైంది?

అమెరికాలో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్) కథ ఇక్కడ పనికొస్తుంది. అది మన ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. 1960ల ముందు అక్కడ జట్లు ఎవరి ప్రసార హక్కులు వాళ్లే అమ్ముకునేవి. న్యూయార్క్ జట్టుకు భారీగా వచ్చేది, చిన్న ఊళ్ల జట్లకు నామమాత్రం. 1961లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చేసిన చట్టం ఉమ్మడిగా అమ్ముకోవడానికి అనుమతించింది. అప్పటి కమిషనర్ పీట్ రోజెల్ పెద్ద నగరాల యజమానులను ఒప్పించి ఆ ఆదాయం అందరికీ సమానంగా పంచే పద్ధతి తెచ్చాడు. ఫలితం గ్రీన్ బే పట్టణం. జనాభా లక్ష పైచిలుకు, అంటే మన జిల్లాల్లో ఒక మోస్తరు మున్సిపాలిటీ. దాని జట్టు ప్యాకర్స్‌కు సంపన్న యజమాని లేడు, ఐదు లక్షల మందికి పైగా చిన్న వాటాదారులున్నారు. వాటా అమ్మి లాభం చేసుకునే వీల్లేదు, జట్టును వేరే ఊరికి తరలించే ప్రశ్నే రాదు. ఏటా లెక్కలు బయటపెట్టే ఆ క్లబ్బుకు 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో లీగ్ ఉమ్మడి ఆదాయం నుంచి వచ్చిన వాటా 43 కోట్ల డాలర్లకు పైనే.

ఐపీఎల్ చాలావరకు ఈ నమూనానే అనుసరించింది, అందుకే నిలదొక్కుకుంది. అక్కడా మొదట్లో ఒడిదొడుకులు వచ్చాయి. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ ఫ్రాంచైజీని మూడేళ్లకే, 2012లో బీసీసీఐ రద్దు చేసింది. యజమాని సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. హైదరాబాద్ అలా 2012లో క్రికెట్ జట్టునూ, పుష్కరకాలం దాటాక ఫుట్‌బాల్ జట్టునూ యజమానుల ఆర్థిక ఇబ్బందుల వల్లే పోగొట్టుకుంది. తేడా తర్వాత జరిగినదాంట్లో ఉంది. క్రికెట్ ఫ్రాంచైజీ కోసం వెంటనే టెండరు పిలిచారు, సన్ టీవీ ఏటా రూ.85.05 కోట్లకు తీసుకుంది, జట్టు హైదరాబాద్‌లోనే ఉంది, 2016లో కప్పు కూడా కొట్టింది. లీగ్ ఉమ్మడి ఆదాయం బలంగా ఉంటే ఒక యజమాని పోయినా ఊరికి జట్టు మిగులుతుంది.

రాబోయే రెండేళ్లలో

ఐపీఎల్ ప్రస్తుత హక్కులు 2027తో ముగుస్తాయి. గేమింగ్ కంపెనీల ప్రకటనలు పోయాయి, వేలంలో పోటీపడిన రెండు పెద్ద సంస్థలు ఒక్కటయ్యాయి. విలువలు లెక్కగట్టే సంస్థ డీ అండ్ పీ అడ్వైజరీ అంచనా ప్రకారం ఐపీఎల్ మొత్తం విలువ 2024లో రూ.82,700 కోట్లు ఉండగా 2025లో రూ.76,100 కోట్లకు తగ్గింది. అంతర్జాతీయ స్ట్రీమింగ్ సంస్థల్లో ఏదో ఒకటి గట్టిగా బరిలోకి దిగకపోతే గతంలోలా ధర రెట్లకు రెట్లు పెరగడం కష్టం. ధర ఇప్పుడున్నంతే ఉన్నా ఐపీఎల్ జట్లకు వచ్చే ముప్పేమీ లేదు. వాటి ఖర్చు ఆదాయంలో చిన్న భాగమే.

ఇతర ఆటలకు ఇది రెండు విధాలుగా పరిణమించొచ్చు. క్రికెట్ బిల్లు తగ్గితే ప్రసారకర్త చేతిలో కాస్త సొమ్ము మిగిలి కబడ్డీ, ఫుట్‌బాల్‌లకు అందవచ్చు. లేదా నష్టాలు పూడ్చుకోవడానికి క్రికెటేతర ఖర్చులనే ముందుగా కోయవచ్చు. ఐఎస్ఎల్ విషయంలో 2025లో జరిగింది చూస్తే రెండోదే ఎక్కువ సంభవం అనిపిస్తుంది.

ఫుట్‌బాల్‌లో ఒక దశలో చర్చకు వచ్చిన ప్రతిపాదన గమనించదగింది. లీగ్ కోసం హోల్డింగ్ కంపెనీ పెట్టి క్లబ్బులకు 60 శాతం, ఎఫ్ఎస్‌డీఎల్‌కు 26, సమాఖ్యకు 14 శాతం వాటా ఇవ్వాలన్నది దాని సారం. నిష్పత్తులపై వాదన ఉండొచ్చు. నష్టం భరించేవాళ్లకే లీగ్‌లో వాటా ఉండాలన్న సూత్రం మాత్రం సరైనది. వాటా ఉన్న యజమాని ఒక చెడ్డ సీజన్‌కు బెదిరి పారిపోడు, లీగ్ విలువ పెరిగితే తనకూ వస్తుంది.

దానికి తోడు ఒప్పందాల్లో ఊరికి సంబంధించిన నిబంధన ఉండాలి. ఫ్రాంచైజీ చేతులు మారితే కొత్త యజమాని కనీసం కొన్నేళ్లు అదే నగరంలో కొనసాగాలి. తరలించక తప్పకపోతే జట్టు పేరు, రంగులు, రికార్డులు ఆ నగరానికే వదిలిపెట్టాలి. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఈ పద్ధతితోనే తన జట్టును తిరిగి పొందింది. 1996లో దాని ఫుట్‌బాల్ జట్టు బాల్టిమోర్‌కు తరలిపోతే, నగర పాలకులు పట్టుబట్టి బ్రౌన్స్ పేరు, రంగులు, చరిత్ర తమ దగ్గరే ఉంచుకున్నారు. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ వెళ్లిపోయేటప్పుడు అలాంటి హామీ అడిగే స్థానంలో నగరం లేదు, అడగడానికి ఒప్పందంలో చోటూ లేదు. ఏఐఎఫ్ఎఫ్ తదుపరి దీర్ఘకాల టెండరు పత్రం రాసేటప్పుడు ఆ చోటు కల్పించడానికి ప్రభుత్వ నిధులు గానీ కొత్త చట్టం గానీ అక్కర్లేదు. ఒక పేరా చాలు.